బడికి పంపిన మరమనిషి: ఆ జోకు ఎక్కడ తిరగబడింది?

"ఆండ్రాయిడ్ కుర్రాడి సినిమా ఒకటుంది, చూద్దామా?" అని ఆదివారం పూట అడిగితే మా అమ్మాయి "ఫోన్ గురించా నాన్నా?" అంది. దానికి పదమూడేళ్ళు. తప్పు దానిది కాదు, మన ఇళ్ళలో ఆండ్రాయిడ్ అంటే ఫోనే. మనిషి ఆకారంలో ఉండే యంత్రానికి ఆ పేరు ఎప్పటినుంచో ఉందని, ఫోనే దాన్ని అరువు తెచ్చుకుందని చెబితే నమ్మలేదు.

అందుకని ముందు ఆ మాట సంగతి తేల్చుకుని సినిమాలోకి వెళ్దాం. గ్రీకులో మనిషి అనే మాటకీ పోలిక అనే మాటకీ ముడి వేస్తే వచ్చింది ఆండ్రాయిడ్. మనిషిని పోలినదని అర్థం. రోబో వేరే ఊరి మాట. చెక్ రచయిత కరెల్ చాపెక్ 1920లో రాసిన నాటకంతో అది ప్రపంచమంతా పాకింది. ఆ పేరు సూచించింది ఆయన అన్న జోసెఫ్. చెక్ భాషలో రొబోతా అంటే వెట్టిచాకిరి. తమాషా ఏమిటంటే ఆ నాటకంలో రోబోలు ఇనప డబ్బాలేం కావు. చర్మం, కండ ఉండి, చూడ్డానికి అచ్చం మనుషుల్లా ఉంటాయి. ఇవాళ్టి లెక్కలో వాటిని ఆండ్రాయిడ్లనే అనాలి. మనం రోబోని "మరమనిషి" అని తెలుగు చేసుకున్నాం. కార్ల ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేసే ఒంటిచేతి యంత్రానికి ఈ పేరు అస్సలు అతకదు, దానిలో మనిషి పోలిక ఎక్కడుంది గనక? ఆండ్రాయిడ్‌కి మాత్రం కొలత తీసి కుట్టినట్టు సరిపోతుంది. ఇక ఫోను సంగతంటారా, రోబోల పిచ్చి ఉన్న ఆండీ రూబిన్ 2003లో మిత్రులతో కలిసి పెట్టిన కంపెనీ పేరు ఆండ్రాయిడ్. 2005లో గూగుల్ దాన్ని కొనేసింది, 2008లో మొదటి ఫోన్ వచ్చింది. అప్పట్నుంచి మరమనిషి జేబులోకి చేరి ఫోనైపోయాడు.

మేం చూసింది 'నాట్ క్వైట్ హ్యూమన్'. 1987లో అమెరికాలో డిస్నీ ఛానల్ కోసం తీసిన టీవీ సినిమా. సేథ్ మెకెవాయ్ రాసిన పిల్లల నవలలు దానికి ఆధారం. డాక్టర్ జోనస్ కార్సన్ అనే శాస్త్రవేత్త టీనేజ్ కుర్రాడిలా ఉండే మరమనిషిని తయారుచేసి, చిప్ అని పేరు పెట్టి, కొడుకని చెప్పి హైస్కూల్లో చేర్పిస్తాడు. అసలు విషయం తెలిసింది కూతురు బెకీకి. తండ్రిగా అలన్ థిక్, చిప్‌గా జే అండర్‌వుడ్, బెకీగా రాబిన్ లైవ్లీ వేశారు. థిక్ అప్పటికే ఇంకో టీవీ సీరియల్లో నాన్న పాత్రతో అమెరికాలో ఇంటింటికీ తెలిసినవాడు. చిప్‌ని కాజేద్దామని తిరిగే దుష్టుడొకడు ఉండనే ఉంటాడు. 1989లో, 1992లో రెండు కొనసాగింపులూ వచ్చాయి.

గొప్ప సినిమా అని నేననను. కథ ఎటు పోతుందో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. అయినా దాని గురించి ఇంత రాయడానికి కారణం మా అమ్మాయి నవ్విన చోట్లు. నేను నవ్విన చోట అది నవ్వలేదు. అది నవ్విన చోట నాకు నవ్వేముందో అర్థం కాలేదు. ముప్పై ఏడెనిమిదేళ్ళలో ఒక జోకు బోర్లా పడిందని అక్కడే పట్టుకున్నాను. సినిమాలో చిప్‌కి ఒళ్ళు బ్రహ్మాండంగా పనిచేస్తుంది, మనుషుల మాటే అంతుపట్టదు. ఇవాళ మన దగ్గరున్న యంత్రాలకి మాట ఇట్టే అందుతుంది, ఒళ్ళే మాట వినదు.

అది ఎలా జరిగిందో చూసే ముందు ఒక చిన్న ప్రశ్న. మరమనిషి కుర్రాడే ఎందుకు? పెద్దమనిషిని తయారుచేసి ఆఫీసుకి పంపొచ్చుగా?

దీనికి జవాబు 1950లోనే ఒకాయన దాదాపు చెప్పేశాడు. అలన్ ట్యూరింగ్ ఆ ఏడు అక్టోబరులో 'మైండ్' అనే తత్వశాస్త్ర పత్రికలో, యంత్రాలు ఆలోచించగలవా అని ఒక వ్యాసం రాశాడు. తెర చాటునున్నది మనిషో యంత్రమో మాటల్ని బట్టి కనిపెట్టే పరీక్ష అందులోదే. ఆ వ్యాసం చివరికొచ్చేసరికి ఆయన ఇంకో ఆలోచన పెట్టాడు. పెద్దవాడి బుర్రను అనుకరించే ప్రోగ్రాం రాయడానికి తంటాలు పడే బదులు, పసివాడి బుర్రలాంటిది చేసి దానికి చదువు చెప్పించరాదా అని. వెంటనే చిక్కులు కూడా తనే లెక్కపెట్టాడు. దానికి కాళ్ళుండవు, బొగ్గు తొట్టి నింపుకురమ్మని పంపలేం. కళ్ళూ ఉండకపోవచ్చు. ఆ లోపాలన్నీ ఇంజనీరింగ్‌తో ఎంత సర్దినా, బడికి పంపితే తోటి పిల్లలు దాన్ని ఏడిపించకుండా వదలరు. కళ్ళూ చెవులూ లేని హెలెన్ కెల్లర్ చదువుకోలేదా, ఇద్దరి మధ్యా మాట సాగితే చాలు, చదువు వస్తుంది అని కూడా అన్నాడు. డిస్నీ సినిమాకి ముప్పై ఏడేళ్ళ ముందే దాని కథ ఒక గణిత శాస్త్రవేత్త వ్యాసంలో రెండు వాక్యాల్లో ఉందన్నమాట, ఏడిపించే పిల్లలతో సహా.

సినిమావాళ్ళకి ట్యూరింగ్ తెలుసా తెలీదా అన్నది పక్కన పెడదాం. టీనేజ్ అన్నది మరమనిషికి దొరికిన మంచి ముసుగు. ఆ వయసు పిల్లలు తడబడతారు, సందర్భం తెలీకుండా మాట్లాడతారు, ఉన్నట్టుండి మౌనంగా కూచుంటారు, అన్నం ముందు పెడితే ముట్టుకోకుండా లేచిపోతారు. నలభై ఏళ్ళవాడు ఇవన్నీ చేస్తే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాం. పదిహేనేళ్ళవాడు చేస్తే "వయసు" అని ఊరుకుంటాం. చిప్ ఎంత వింతగా ప్రవర్తించినా టీచర్లకి అనుమానం రాకపోవడానికి రచయిత కష్టపడి కారణం వెతుక్కోనక్కర్లేదు. హైస్కూలే కారణం.

ఈ ముసుగు సినిమాల్లోనే కాదు, నిజం పోటీలో కూడా పనిచేసింది. 2014 జూన్‌లో, ట్యూరింగ్ చనిపోయి అరవై ఏళ్ళయిన సందర్భంగా లండన్ రాయల్ సొసైటీలో ఒక పరీక్ష పెట్టారు. న్యాయనిర్ణేతలు కీబోర్డు మీద ఐదేసి నిమిషాలు మాట్లాడి అవతల మనిషో యంత్రమో చెప్పాలి. యూజీన్ గూస్ట్‌మన్ అనే ప్రోగ్రాం నూటికి 33 మందిని మనిషినేనని నమ్మించింది. ఎలా? తను ఉక్రెయిన్‌లోని ఒడెస్సాకి చెందిన పదమూడేళ్ళ కుర్రాణ్ణని చెప్పుకుంది. ఇంగ్లీషులో తప్పు దొర్లితే పరాయి భాష కదా పాపం అనుకున్నారు. ప్రశ్నకి సంబంధం లేని జవాబొస్తే పిల్లాడు కదా అనుకున్నారు. ట్యూరింగ్ పరీక్ష గెలిచేసిందని అప్పుడు గోల గోలగా వార్తలు రాశారు. ఇది తెలివి కాదు, గారడీ అని చాలామంది శాస్త్రవేత్తలు కొట్టిపారేశారు. నేనూ వాళ్ళ పక్షమే. కానీ గారడీగా చూస్తే మాత్రం భలే గారడీ. యంత్రం తెలివి పెంచకుండా, ఎదుటివాడు ఆశించే తెలివిని తగ్గించేశారు.

ఇప్పుడు ఆ బోర్లాపడ్డ జోకు దగ్గరికి వద్దాం.

చిప్ మీద వేసిన జోకుల్లో చాలాభాగం ఒకే బాపతు. ఎవరో జాతీయం వాడతారు, వాడు దాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంటాడు. తెలుగింట్లో పెడితే ఈ జోకుకి తిండి ఇంకా ఎక్కువ దొరుకుతుంది. "నా తల తినకురా" అంటే దూరం జరిగి, నేను తినను అని హామీ ఇస్తాడు. "పప్పులో కాలేశావ్" అంటే వంగి పాదం చూసుకుంటాడు. చుట్టం "వెళ్ళొస్తానమ్మా" అని గుమ్మం దాటితే, ఇప్పుడే వస్తానన్నాడు కదా అని తలుపు తీసి పట్టుకుని పొద్దుపోయేదాకా నిలబడతాడు.

1987లో ఈ జోకు గాలిలోంచి పుట్టలేదు. కృత్రిమ మేధ అంటే నియమాల చిట్టా అని చాలామంది నమ్మిన కాలం అది. నిపుణుడి తెలివిని "ఇలా ఉంటే అలా చెయ్యి" అనే సూత్రాలుగా విడగొట్టి కంప్యూటర్లో ఎక్కిస్తే చాలనుకున్నారు. జబ్బు కనుక్కోవడం లాంటి ఇరుకు పనుల్లో అది కొంతవరకు పనిచేసింది కూడా. కానీ మామూలు లోకజ్ఞానం దగ్గర బోల్తా కొట్టింది. తండ్రి కొడుకు కంటే ముందు పుడతాడు, వానలో నిలబడితే తడుస్తాం, గ్లాసు వంచితే నీళ్ళు పోతాయి లాంటివి ఏ పుస్తకంలోనూ రాసి ఉండవు. ఎవరూ రాయనక్కర్లేదనుకున్నారు గనక. ఇలాంటివాటిని మనుషుల చేత ఒక్కొక్కటిగా రాయించి ఎక్కిద్దామని డగ్లస్ లెనాట్ 1984లో అమెరికాలో సైక్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టాడు. అది దశాబ్దాల తరబడి సాగింది, లక్షల్లో సూత్రాలు పోగయ్యాయి. అయినా లోకజ్ఞానం మాత్రం ఒడ్డు కనిపించని చెరువులాగే ఉండిపోయింది. నియమాలతో నింపిన యంత్రానికి నియమంలో లేని మాట తగిలితే ఏం చేస్తుంది? నిఘంటువులో ఉన్న అర్థమే తీసుకుంటుంది. చిప్ ఆ కాలపు కంప్యూటర్‌కి షర్టూ ప్యాంటూ తొడిగిన రూపం.

తర్వాత దారి మారింది. సూత్రాలు రాసివ్వడం మానేసి, మనుషులు రాసిన కోట్లకొద్దీ వాక్యాలు ముందు పోసి, తర్వాత రాబోయే మాట ఏదో ఊహించమని యంత్రానికి నేర్పారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఆ దారి ఎంతదూరం పోయిందో మామూలు జనానికి తెలిసింది. ఈ పద్ధతిలో జాతీయాలు కష్టమే కావు. "పప్పులో కాలేశాడు" అన్న మాట చుట్టూ ఎప్పుడూ పప్పు గిన్నెల ఊసుండదు, ఎవరో పొరబడిన సంగతే ఉంటుంది. ఆ ఇరుగుపొరుగు మాటల్ని బట్టి దానికి ఆ వాడుక పట్టుబడుతుంది. లోపల నిజంగా అర్థమవుతోందా, అర్థమైనట్టు కనిపిస్తోందా అన్న తగవు ఇంకా తెగలేదు, అది తెగేదాకా మనం ఆగనక్కర్లేదు.

సినిమా మధ్యలో మా అమ్మాయి ఫోన్ తీసి తెలుగులోనే టైపు చేసింది: "మా నాన్న పప్పులో కాలేశాడు, ఏం చేయాలి?" రెండు క్షణాల్లో జవాబు వచ్చింది. అందరూ పొరబడతారని, నాన్నని వెక్కిరించకుండా అసలు పొరపాటేమిటో నెమ్మదిగా చెప్పమని, ఏం జరిగిందో చెబితే సాయం చేస్తానని. "చూశావా, దీనికే తెలుసు. మరి వాడికి తెలీకపోవడమేంటి, అంత ఖరీదైన రోబో?" అంది. దాని లెక్కలో చిప్ చేతగాని యంత్రం. మాట అర్థం కాని రోబో అన్న ఊహే దానికి లేదు. మనకి చక్రం లేని బండి ఎలాగో దానికి అదలా.

అది పకపకా నవ్విందెక్కడంటే, చిప్ అలవోకగా నడిచొచ్చి కుర్చీలో కూచున్నప్పుడు. "ఏయ్, ఇంత బాగా ఎలా నడుస్తున్నాడు!" అని. రోబోలు తూలి పడిపోయే వీడియోలు చూసి పెరిగిన తరం మరి.

దాని నవ్వులో న్యాయముంది. సినిమా వచ్చిన 1987కి సరిగ్గా ఏడాది ముందు జపాన్‌లో హోండా కంపెనీ రెండు కాళ్ళ మీద నడిచే యంత్రం పని మొదలుపెట్టింది. 1986లో చేసిన మొదటి నమూనా ఈ0కి అడుగు తీసి అడుగు వేయడానికి దాదాపు 5 సెకన్లు పట్టేది, అదీ తిన్నని గీత మీద. అమెరికాలో చిప్ స్కూలు వరండాలో ఇష్టమొచ్చినట్టు తిరుగుతున్న రోజుల్లో నిజం మరమనిషి పరిస్థితి అది. హోండా పట్టువదల్లేదు. 2000లో అసిమో వచ్చింది. మెట్లెక్కింది, తర్వాతి నమూనాలు పరిగెత్తాయి కూడా. అదే అసిమో 2006లో టోక్యోలో జనం ముందు మెట్లెక్కుతూ వెనక్కి పడిపోయింది. 2015లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా కాలిఫోర్నియాలో రోబోలకి పెద్ద పోటీ పెట్టింది. బండి నడపడం, తలుపు తీయడం, వాల్వు తిప్పడం, గోడకి కన్నం పెట్టడం, మెట్లెక్కడం లాంటి ఎనిమిది పనులు. గెలిచిన దక్షిణ కొరియా రోబో వాటికి 44 నిమిషాల పైన తీసుకుంది. చాలా రోబోలు తలుపు పిడి దగ్గరో, బండి దిగేటప్పుడో దబ్బున కూలాయి. వాటి వెనక దేశదేశాల మంచి ఇంజనీర్లు ఏళ్ళ తరబడి పడ్డ కష్టముంది. జనానికి గుర్తుండిపోయింది పడిపోయే వీడియోలే.

ఈ తలకిందులు సంగతిని హాన్స్ మోరవెక్ అనే రోబో శాస్త్రవేత్త 1988లోనే, సినిమా వచ్చిన మరుసటి ఏడే, స్పష్టంగా రాశాడు. తెలివి పరీక్షల్లో, చెకర్స్ ఆటలో కంప్యూటర్‌ని పెద్దవాళ్ళ స్థాయికి తేవడం తేలిక. చూడ్డం, కదలడం విషయంలో ఏడాది బిడ్డకున్నపాటి నేర్పు ఇవ్వడం మహా కష్టం, అసాధ్యమేనేమో అన్నాడు. కారణం కూడా ఆలోచించదగ్గదే. లెక్కలు, తర్కం మనిషికి నిన్నగాక మొన్న వచ్చినవి, అందుకే మనకి కష్టం. నడక, పట్టు, చూపు కోట్ల ఏళ్ళుగా జంతువుల ఒంట్లో నలిగి నలిగి వచ్చినవి. అవి మనకి ఎంత తేలికంటే, అందులో ఏమేం జరుగుతోందో మనకే తెలీదు. తెలీనిదాన్ని యంత్రానికి చెప్పడమెలా?

నాకిది ఎప్పుడు బోధపడిందంటే, సోమవారం పొద్దున మా అమ్మాయి జడ వేసుకుంటున్నప్పుడు. నోట్లో రబ్బరుబ్యాండు, కళ్ళు గోడ గడియారం మీద, రెండు చేతులూ మెడ వెనక. మూడు పాయలు. కనపడని చోట, వేళ్ళ సందుల్లో, ఏ పాయ వదులైందో వేలికే తెలుస్తుంది. వదులైన పాయని కాస్త లాగి, మిగతా రెండింటినీ జారకుండా పట్టి, అల్లుకుంటూ వెళ్ళి చివర రబ్బరు బిగించింది. రెండు నిమిషాలు పట్టలేదు. పైగా మధ్యలో టిఫిన్ డబ్బాలో ఏం పెట్టావని వాళ్ళమ్మతో తగాదా. మనిషి ఒక్క చేతిలో, అరచేతి వైపు చర్మంలో స్పర్శని కనిపెట్టే నరాల కొసలు సుమారు 17,000 ఉంటాయని 1970లలో స్వీడన్ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఒత్తిడి ఎంత, జారుతోందా, వణుకుతోందా అన్నవి క్షణం క్షణం మెదడుకి చేరుతుంటాయి. యంత్రానికి మోటార్లు పెట్టడం వచ్చింది, కెమెరాలు పెట్టడం వచ్చింది. ఇంత చర్మం మాత్రం ఇంకా రాలేదు. చాట్‌బాట్‌ని జడ వేయడం ఎలా అని అడగండి, పాయల వారీగా వివరిస్తుంది. వేసి చూపించమంటే మాత్రం చెయ్యి లేదు.

ఒంటితో వచ్చే రెండో చిక్కు తిండి. సినిమా మరమనుషులు ఛార్జింగ్ బాధ లేకుండా రోజంతా తిరుగుతారు, కథకి అడ్డమని. మనిషి ఒళ్ళు రోజుకి సుమారు 2,000 కిలోక్యాలరీలతో నడుస్తుంది. కరెంటు లెక్కలో అది 2.3 యూనిట్లు, అంటే ఒక పాత 100 వాట్ల బల్బు రోజంతా వెలిగినట్టు. ఆ బల్బంత ఖర్చుతో పిల్లలు బడికెళ్ళి, ఆడి, తగవులాడి, వచ్చి హోంవర్క్ చేస్తారు. 2025 ఏప్రిల్‌లో బీజింగ్‌లో మనుషులతోపాటు మరమనుషులకీ హాఫ్ మారథాన్ పెట్టారు, 21 కిలోమీటర్లు. ఇరవై దాకా రోబోలు దిగితే చివరిదాకా వచ్చినవి కొన్నే. మొదటొచ్చిన తియాన్‌గాంగ్ 2 గంటల 40 నిమిషాల 42 సెకన్లలో ముగించింది. దారిలో మూడుసార్లు బ్యాటరీ మార్చారు, ఒకసారి పడింది. మనుషుల్లో మొదటివాడు గంటా రెండు నిమిషాల్లో వచ్చేశాడు. 5 సెకన్లకో అడుగు వేసిన రోజుల్నించి చూస్తే ఇది అద్భుతమే, కాదనను. కాకపోతే చిప్‌ని రోజూ బడికి పంపాలంటే వెనకాల బ్యాటరీలు మోసుకుంటూ ఒక మనిషి వెళ్ళాలి.

ముఖం సంగతి అందరికీ కొంత తెలిసిందే గనక క్లుప్తంగా చెబుతాను. జపాన్ ప్రొఫెసర్ మసాహిరో మోరి 1970లో ఒక గీత గీసి చూపించాడు. బొమ్మ మనిషికి దగ్గరయ్యేకొద్దీ మనకి నచ్చుతుంది, మరీ దగ్గరై కొంచెం తేడా మిగిలిందా, ఒళ్ళు జలదరిస్తుంది. ఆ గుంటని దాటితే మళ్ళీ నచ్చుతుంది. సినిమాలకి ఈ గుంటే లేదు, ఎందుకంటే మరమనిషి వేషం వేసింది మనిషే. మన హైదరాబాద్‌కి 2018 ఫిబ్రవరిలో ఐటీ ప్రపంచ మహాసభకి సోఫియా అనే ఆండ్రాయిడ్ వచ్చింది. హాంకాంగ్ కంపెనీ తయారీ, అంతకు కొన్ని నెలల ముందే సౌదీ అరేబియా పౌరసత్వం కూడా ఇచ్చింది దానికి. ఇష్టమైన నటుడెవరంటే షారుఖ్ ఖాన్ అంది, సభ చప్పట్లు కొట్టింది. ఆ వీడియో ఇప్పుడు చూసినా పెదవులు కదిలే తీరు దగ్గర చూపు ఆగిపోతుంది, మాట మీదికి పోదు. వెనకవైపు తల గాజులా పారదర్శకంగా, లోపలి సర్క్యూట్లు కనిపించేలా వదిలేశారు. అది మంచి తెలివనిపించింది నాకు. మనిషినని నమ్మించే ప్రయత్నమే మానేస్తే గుంటలో పడే ప్రమాదం కాస్త తగ్గుతుంది.

నమ్మించడం అన్నాను కాబట్టి ఒక మాట. సినిమా కథంతా ఒక అబద్ధం మీద నిలబడింది, యంత్రాన్ని కొడుకని చెప్పి స్కూల్లో చేర్చడం. 1987లో అది సరదా అబద్ధం. యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన కృత్రిమ మేధ చట్టంలో, మనుషులతో నేరుగా మాట్లాడే యంత్రం తను యంత్రమని తెలిసేలా ఉండాలని షరతు ఉంది. కార్సన్ గారు ఆ కాపురం ఏ పారిస్‌లోనో పెడితే నోటీసు అందుకోక తప్పదు.

ఇంకొకటి, నవ్వుతూ చూసినా లోపల కొంచెం ముల్లులా గుచ్చుకున్నది. మాటని మాటగానే తీసుకునే పిల్లలు నిజంగా ఉంటారు. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి ఎగతాళి, వ్యంగ్యం, డొంకతిరుగుడు మాట అంత తొందరగా అందవు. వాళ్ళని క్లాసులో "రోబో" అని పిలుస్తారు. చిప్‌గా వేసిన జే అండర్‌వుడ్ అంతకు ముందు ఏడాదే, 1986లో, మాట్లాడని ఆటిజం కుర్రాడి పాత్ర వేశాడు. ఆ రెండు పాత్రలకీ ఒకే నటుణ్ణి వెతుక్కున్నారంటే అది పూర్తిగా యాదృచ్ఛికమని నాకనిపించదు. అర్థం కాని కుర్రాణ్ణి చూపించాలంటే పరిశ్రమకి ఒకే రకం ముఖం, ఒకే రకం చూపు తోచేవి. ఈ సినిమాకి ఒక మంచి మార్కు వేస్తాను. వెక్కిరించినవాళ్ళ పక్షాన కాకుండా చిప్ పక్షాన నిలబడుతుంది.

ఇంత చెప్పాక కూడా మిగిలిపోయే చిక్కు ఒకటుంది, అది టీనేజ్ అన్న మాటలోనే ఉంది. టీనేజ్ అంటే వయసు అంకె కాదు కదా, మార్పు. గొంతు మారుతుంది, నిరుటి ప్యాంటు చీలమండల పైకి పోతుంది, నిన్నటిదాకా సరిగ్గా ఉన్న చేతులూ కాళ్ళూ కొత్త పొడవుకి అలవాటుపడలేక గ్లాసులు తన్నేస్తాయి. ఇంజనీరు కళ్ళతో చూస్తే ఇది పీడకల. నడుస్తున్న యంత్రాన్ని ఆపకుండా దాని ఎముకల పొడవు మార్చాలి, కండరాల బలం మార్చాలి, మెదడులో తీగలు తిరగ్గట్టాలి, ఇవన్నీ రోజూ స్కూలుకి పంపుతూనే. ఇప్పటిదాకా ఏ మరమనిషీ ఎదగలేదు. కొత్త నమూనా వస్తుంది, పాతది మ్యూజియానికి పోతుంది.

1990లలో కేబుల్ టీవీ వచ్చాక మనలో చాలామంది హిందీ డబ్బింగ్‌లో 'స్మాల్ వండర్' చూశాం. టెడ్ లాసన్ తయారుచేసిన విక్కీ, ఎరుపు తెలుపు గౌను, అన్న గదిలో బీరువాలో నిలబడే రోబో పిల్ల. అక్కడ ఈ చిక్కు నిజంగానే ఎదురైంది. 1985లో మొదలైన సీరియల్ 1989 దాకా సాగింది. విక్కీ వేషం వేసిన టిఫనీ బ్రిసెట్ మామూలు పిల్లే గనక ఎదగకుండా ఉంటుందా? చివరికి రచయితలు, టెడ్ విక్కీకి అప్‌గ్రేడ్ చేశాడని కథ అల్లి, వయసు పెంచి, బట్టలు మార్చేశారు. చిన్నప్పుడు ఆ సంగతి పట్టించుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ సీరియల్ మొత్తంలో నిజానికి దగ్గరగా ఉన్న సైన్స్ అదొక్కటే అనిపిస్తుంది: యంత్రం ఎదగాలంటే ఎవడో ఒకడు పూనుకుని మార్చాలి.

చిప్‌కీ అదే గతి. 1989 సినిమాలో కాలేజీకి వెళ్ళి రొబెర్టా అనే ఆండ్రాయిడ్ అమ్మాయిని ఇష్టపడతాడు, మధ్యలో కంప్యూటర్ వైరస్ సోకుతుంది. 1988 నవంబరులో ఇంటర్నెట్‌లో తనంతట తానే పాకే మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రాం వేల కంప్యూటర్లని పడగొట్టి పేపర్లకెక్కిన వేడి ఇంకా చల్లారని సమయం, అందుకే సామాన్యుడికీ ఆ జోకు అందింది. 1992 నాటి మూడోదానికి జే అండర్‌వుడ్‌కి ఇరవై మూడేళ్ళు. దవడ గట్టిపడింది, ముఖం పెద్దవాడిదైపోయింది. కథలో యంత్రం అలాగే ఉంది, దాని లోపలి మనిషి మాత్రం ఎదిగిపోయాడు.

మూడూ ఒకే రోజు చూపించే తప్పు చేశాను. మూడోది మొదలైన కాసేపటికి మా అమ్మాయి వెనక్కి తిరిగి, "నాన్నా, వీడు ఎన్నో క్లాసు ఇప్పుడు? గడ్డం గీసుకున్నట్టున్నాడు" అంది.